ఎనిమిదో తరగతికి అమెరికా స్వాతంత్ర్యం

ఉద్యోగం పోయిన కొత్తలో మా ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని టైప్‌రైటర్ ముందు కూర్చునేవారు. కొన్నాళ్ళకు ఇస్త్రీ చొక్కా మానేశారు. ఇంకొన్నాళ్ళకు గడ్డం గీసుకోవటం కూడా. ఎనభైల మొదట్లో ఆ చలికాలం వచ్చేసరికి టైప్‌రైటర్ మూత మీద మా పాప రంగు పెన్సిళ్ళు పెట్టుకుంటోంది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, పొద్దస్తమానం అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌ని చూస్తూ ఉండిపోతున్నారు.

ఆయన కెమికల్ ఇంజినీరు. డెబ్బైల చివర్లో మేం గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చింది ఆయన పై చదువు కోసం. ఇక్కడే ఉండిపోయింది రంగులు తయారుచేసే ప్లాంటులో ఆయనకు ఉద్యోగం దొరికినందుకు. ఆ ప్లాంటు మూసేశారు. ఆ ఏడు చుట్టుపక్కల ఇంకా చాలా మూసేశారు. అప్లికేషన్లకు మొదట్లో మర్యాదగా కాదని రాసిన కంపెనీలు తర్వాత అసలు జవాబే ఇవ్వటం మానేశాయి.

మేమున్న పిస్కాటవేలో మాలాంటి తెలుగు కుటుంబాలు కొన్ని ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అడిగి తీసుకుని తెలుగులో ఆరాధన చేసుకునేవాళ్ళం. పాటలు ఎత్తుకునేది మా ఆయనే. మంచి గొంతు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర అందరూ ఆయన్ని అడిగేవాళ్ళు, "ఏమైనా కబురు తెలిసిందా బ్రదర్?" అని. ప్రేమగానే అడిగేవాళ్ళు. ఆయన మొదట పాట ఎత్తటం మానేశారు, తర్వాత వెనక బెంచీకి మారారు, తర్వాత రావటమే మానేశారు. పాపను తీసుకుని నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. "కొంచెం నలతగా ఉంది" అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు, కానీ ఆ నలతకు పేరేమిటో నాకప్పటికి తెలియదు.

గుంటూరులో నేను ఆడపిల్లల కాలేజీలో హిస్టరీ చెప్పేదాన్ని. ఇక్కడ ఆ డిగ్రీతో సబ్‌స్టిట్యూట్ టీచర్ పని దొరికింది. ఎవరైనా టీచర్ రాని రోజున పొద్దున్నే ఫోన్ చేసి పిలుస్తారు. ఫోన్ మోగితే ఆ రోజు పని ఉన్నట్టు, మోగకపోతే లేనట్టు. డిసెంబరులో ఒకరోజు వైస్ ప్రిన్సిపల్ నన్ను ఆఫీసులోకి పిలిచాడు. ఎనిమిదో తరగతికి హిస్టరీ చెప్పే ఆవిడ ప్రసవానికి సెలవు పెడుతోందట. వసంతకాలం దాకా ఆ క్లాసులు నేను తీసుకోగలనా అని అడిగాడు.

"అమెరికన్ రెవల్యూషన్ మొత్తం మీరే చెప్పాల్సి ఉంటుంది. చెప్పగలరా?"

"చెప్పగలను" అన్నాను.

మా కాలేజీ సిలబస్‌లో అమెరికా స్వాతంత్ర్యానికి ఉన్నది ఒక చిన్న అధ్యాయం. దాన్ని కూడా పరీక్షలో రాదని మేం వదిలేసేవాళ్ళం.

ఆ సాయంత్రం టెక్స్ట్‌బుక్ ఇంటికి తెచ్చుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. చదివినకొద్దీ ఆశ్చర్యంగా ఉంది. మనవాళ్ళు తెల్లవాణ్ణి వెళ్ళగొట్టారంటే అర్థముంది. వాడి భాష వేరు, రంగు వేరు, ఊరు వేరు. వీళ్ళు ఇంగ్లీషువాళ్ళే, వాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే. ఒకే రాజు, ఒకే బైబిలు. కాగితాల మీద స్టాంపు పన్ను వేశారని, టీ మీద సుంకం వేశారని, ఆ వేసేముందు మమ్మల్ని అడగలేదని ఇంత యుద్ధమా?

నాకు పాఠం గట్టిగా చెప్పి చూసుకునే అలవాటు. ఎదురుగా మనిషి లేకపోతే పాఠం నా నోటికి రాదు. మా ఆయన కుర్చీ టేబుల్ వైపు తిప్పి, "మీరు వింటూ ఉండండి చాలు, ఏం మాట్లాడక్కర్లేదు" అన్నాను. ఆయన తల ఊపారు. నేను తెలుగులో మొదలుపెట్టాను. సముద్రం అవతల రాజు, ఇవతల పదమూడు కాలనీలు, మధ్యలో ఓడకు రెండు నెలల ప్రయాణం. లండన్ పార్లమెంటులో కాలనీల తరఫున మాట్లాడేవాడు ఒక్కడు లేడు, అయినా పన్ను మాత్రం ఇవ్వాలి.

అంతా విని ఆయన అన్నారు, "పన్ను కోసం కాదు. మనల్ని లెక్కలోకి తీసుకోలేదని తెలిసినప్పుడు వచ్చే కోపం అది."

ఆ వారంలో ఆయన అన్న మొదటి పూర్తి వాక్యం అది. నేను పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాను. తల ఎత్తితే ఏడుపు వస్తుందేమోనని భయం.

క్లాసులో మొదటి రోజులు నరకం. 'వార్' అన్న మాటే నాకు శత్రువైంది. ఇంగ్లీషులో దానికి పెదాలు గుండ్రంగా చుట్టి పలకాలి, నేను పై పళ్ళు కింది పెదవికి ఆనించి పలుకుతాను. యుద్ధం గురించి పాఠం చెబుతూ ఆ మాట అనకుండా ఎంతసేపని తప్పించుకోను? నేను అనగానే వెనక వరసలో ఎవరో నాలాగే అనేవాడు. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేక డెస్కుల మీద తలలు వాల్చేవాళ్ళు. ఎవరు అన్నారో కనుక్కునే ప్రయత్నం చేస్తే ఇంకా లోకువైపోతానని బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోయేదాన్ని. పిల్లల్ని బస్సులెక్కించే డ్యూటీ అయ్యాక టీచర్ల బాత్రూములో ముఖం కడుక్కుని ఇంటికి బయల్దేరేదాన్ని.

రెండో వారంలో ముందు వరసలో కూర్చునే ఎర్రజుట్టు అమ్మాయి చెయ్యెత్తింది. "మీవాళ్ళు కూడా ఆ రాజు కిందే ఉండేవాళ్ళా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"ఉండేవాళ్ళం. మీరు బయటపడ్డాక కూడా చాలాకాలం ఉన్నాం. అంతే కాదు, ఈ యుద్ధంలో ఆఖర్న మీవాళ్ళ చేతిలో ఓడిపోయి లొంగిపోయిన ఇంగ్లీషు సేనాపతి ఉన్నాడే, కొన్నేళ్ళకు వాణ్ణే మా మీద గవర్నర్ జనరల్‌గా పంపించారు" అన్నాను.

వెనక వరసలోంచి నన్ను వెక్కిరించే గొంతే అడిగింది, "ఓడిపోతే ప్రమోషన్ ఇచ్చారా?"

అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి మా ఆయనకు చెబితే ఆయనా నవ్వారు. కొన్ని నెలల తర్వాత విన్న నవ్వు అది. "ఇక్కడ పనికిరానివాడు అక్కడ దొరయ్యాడన్నమాట" అని రెండుసార్లు అనుకున్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. ఈ పాఠమే ఆయన్ని కుర్చీలోంచి లేపుతుందేమోనని ఆశపడ్డాను.

లేచారు కూడా. నేను బడికి వెళ్ళాక పాత పుస్తకం ఒకటి తెరిచి చదువుతున్నారు. దాన్ని ముందు ఉన్న టీచర్ వదిలివెళ్ళింది, నేను అదనంగా తెచ్చుకున్నాను. సాయంత్రం నాకంటే ముందే టేబుల్ దగ్గర ఉండేవారు. కానీ ఆయన అడిగేవన్నీ గెలిచినవాళ్ళ గురించి కాదు. రాజునే నమ్ముకుని ఉండిపోయినవాళ్ళ సంగతి అడిగారు. వాళ్ళ మీద తారు పోసి ఈకలు అంటించి ఊరేగించారని, ఇళ్ళు లాక్కున్నారని, చివరికి ఓడలెక్కి కెనడా వెళ్ళిపోయారని చెప్పాను.

"వాళ్ళు చేసిన తప్పేమిటి? నిన్నటిదాకా విశ్వాసం అన్నదాన్నే ఇవాళ ద్రోహం అన్నారు" అన్నారు. మళ్ళీ, "చేరిన చోట మాత్రం వాళ్ళు ఎవరు?" అన్నారు.

జనవరి నెలలో యుద్ధం మధ్యకు వచ్చాం. మా ఇంటికి కారులో ముప్పావుగంట దూరంలో, మోరిస్‌టౌన్ పక్క అడవిలో ఆ సైన్యం ఒక చలికాలం గడిపింది. మనిషి ఎత్తు మంచు. చెట్లు నరికి వాళ్ళే గుడిసెలు కట్టుకున్నారు. రొట్టె లేని రోజులున్నాయి, మాంసం లేని రోజులున్నాయి, రెండూ లేక బెరడు నమిలిన రోజులున్నాయి. పాత బూట్లు కాల్చుకుని తిన్నారని కూడా రాసి ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ధాన్యం ఉంది, కానీ ఆ సైన్యం ఇచ్చే కాగితం డబ్బుకు ఎవరూ అమ్మటం లేదు. దేశం పుట్టకముందే దాని కోసం చస్తున్నవాళ్ళు, ఆ దేశంవాళ్ళకే పట్టనివాళ్ళయ్యారు.

ఇది చెబుతుంటే మా ఆయన కళ్ళు ఆర్పకుండా విన్నారు.

"పారిపోయినవాళ్ళు లేరా?"

"చాలామంది పారిపోయారు."

"పట్టుకుంటే ఏం చేసేవాళ్ళు?"

"కొరడా దెబ్బలు కొట్టేవాళ్ళు. కొందరిని కాల్చేశారు. తర్వాత ఇంకో చలికాలంలో తిరుగుబాటు కూడా జరిగింది. మా గడువు అయిపోయింది, ఇళ్ళకు పంపించండి అని అడిగారట. తిరగబడేదాకా పంపించలేదు."

"గడువు అయిపోయినవాణ్ణి వదిలిపెట్టాలి" అన్నారు. మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు. ఆ తర్వాత, "ఆ గుడిసెలు ఇప్పుడున్నాయా?" అని అడిగారు.

"పాతవి లేవు. అచ్చం వాటిలాగే మళ్ళీ కట్టి పెట్టారట. 287 హైవే మీద పైకి పోతే వస్తుంది. ఎండాకాలంలో పాపను తీసుకుని వెళ్దాం" అన్నాను.

అదే వారం వైస్ ప్రిన్సిపల్ నన్ను కారిడార్లో ఆపాడు. "ఒక పేరెంట్ ఫోన్ చేశారు. మా దేశం ఎలా పుట్టిందో మా పిల్లలకు బయటినుంచి వచ్చిన మనిషి చెప్పటమేమిటని అడిగారు. నేను శుక్రవారం ఆఖరి పీరియడ్ మీ క్లాసులో కూర్చుంటాను. నేను చూశాక వాళ్ళకు జవాబు చెప్పటం నాకు సులువవుతుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కానీ ఆ శుక్రవారం బాగా జరగకపోతే సోమవారం నేను ఉండనని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో సంపాదన అప్పటికి నాదొక్కదానిదే.

శుక్రవారం పొద్దున లేచేసరికి బాత్రూములో కుళాయి శబ్దం. మా ఆయన గడ్డం గీసుకుంటున్నారు. ఇంటర్వ్యూలకు వేసుకునే నల్ల కోటు మంచం మీద పరిచి ఉంది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"ఊరికే. ఇలా ఉంటే బాగుంటుందనిపించింది. పాపను బస్సు దగ్గరికి ఇవాళ పక్కింటావిడ బదులు నేను తీసుకెళ్తాను. సాయంత్రం కూడా నేనే తెచ్చుకుంటాను. నువ్వు పాఠం చూసుకో."

మా పక్క బిల్డింగులో ఉండే స్కూలు సెక్రటరీ రోజూ నన్ను తన కారులో తీసుకెళ్ళేది. మా ఆయన తలుపు దాకా వచ్చి నా కోటు కాలర్ సర్దారు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చేసిన మనిషి కాదు. కారు ఎక్కి ఆ సెక్రటరీతో, "ఈరోజు మా ఇంట్లో అంతా బాగుంది" అన్నాను. ఆమెకేమీ అర్థం కాకపోయినా నవ్వింది.

ఆఖరి పీరియడ్‌లో వైస్ ప్రిన్సిపల్ వెనక కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను మోరిస్‌టౌన్ చలికాలం మొదలుపెట్టాను. పుస్తకం మూసేసి, మా ఆయనకు చెప్పినట్టే చెప్పాను. ఆకలి ఎలా ఉంటుందో, ఇంటి నుంచి ఏ కబురూ రాని సిపాయి దేన్ని తలచుకుని పొద్దున్నే లేస్తాడో చెప్పాను. ఎర్రజుట్టు అమ్మాయి గడ్డం కింద చేతులు పెట్టుకుని వింటోంది. 'వార్' అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు గోడ మీది స్పీకర్ గరగరమంది. నాకు ఫోన్ వచ్చిందని, వెంటనే ఆఫీసుకు రమ్మని.

ఫోన్ పాప స్కూలు నుంచి. ఒకటో తరగతి పిల్లల్ని బస్సు డ్రైవర్ పెద్దవాళ్ళు ఎదురుగా ఉంటే తప్ప దించడు. స్టాపులో ఎవరూ లేరని పాపను వెనక్కి స్కూలుకు తీసుకొచ్చాడట. ఇంటికి చేస్తే ఎవరూ ఎత్తటం లేదట.

పొద్దున గీసిన గడ్డం, నల్ల కోటు, కాలర్ సర్దిన వేళ్ళు, అన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో కనిపించాయి. క్లాసులో ఇంకా సగం పాఠం ఉంది. వెనక వైస్ ప్రిన్సిపల్ ఉన్నాడు. నేను క్లాసుకు తిరిగి వెళ్ళలేదు. సెక్రటరీ నా ముఖం చూసి తన కారు తాళంచెవులు తీసింది.

పాప స్కూలు ఆఫీసులో కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చుని ఉంది. "డాడీ ఫర్‌గాట్ మీ" అంది. ఇంటికి వచ్చి చూస్తే మా కారు లేదు. ఆయన కొన్ని నెలలుగా ఆ కారు స్టీరింగ్ ముట్టుకోలేదు. లోపల వంటింటి గట్టు మీద ఆయన పర్సు, పెళ్ళి ఉంగరం, చేతి గడియారం పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. అవి మరిచిపోయి వదిలినవి కావు.

పోలీసులకు ఫోన్ చేశాను. "పెద్ద మనిషి, కారు తీసుకుని బయటికి వెళ్ళాడు, కొన్ని గంటలే అయింది కదా" అన్నారు. ఆయన ఎందుకు వెళ్ళి ఉంటారో నేను ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. తెలుగులోనైనా ఆ మాట నా నోటికి వచ్చేది కాదు. కారు నంబరు రాసుకున్నారు. పాస్టర్‌గారికి ఫోన్ చేశాను. ఆయన వారం రోజులూ ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తారు, ఆదివారం మాకు వాక్యం చెబుతారు. ల్యాబు కోటు కూడా విప్పకుండా వచ్చేశారు.

"ఎక్కడికి వెళ్ళి ఉంటారమ్మా? స్నేహితులెవరైనా?"

"ఎవరూ లేరు పాస్టర్‌గారూ. ఎవరి దగ్గరికీ వెళ్ళరు."

"ఈమధ్య ఏ ఊరి పేరైనా అన్నారా?"

అప్పుడు గుడిసెల మాట గుర్తొచ్చింది. అది పిచ్చి ఆలోచన అనిపించింది. కానీ వేరే ఆలోచన లేదు. "287 మీద పైకి పోదాం" అన్నాను.

పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. శుక్రవారం సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ. లారీల మధ్య పాస్టర్‌గారి కారు ఆగుతూ కదులుతూ పోతోంది. రోడ్డు పక్కన ఆగి ఉన్న ప్రతి కారునూ తల తిప్పి చూశాను. పాస్టర్‌గారు ప్రార్థన చేస్తున్నారు, పెదాలు కదులుతున్నాయి. నేను ప్రార్థన చెయ్యలేదు. ప్రభువుతో మాట్లాడటానికి కూడా నాలో ఏమీ మిగలలేదు.

పార్కు గేటు మూసే వేళకు చేరాం. చెట్ల మధ్య చిన్న పార్కింగ్ లాట్‌లో ఒకే ఒక్క కారు ఉంది. మాది. లోపల ఎవరూ లేరు. నేను తలుపు తీసుకుని పరిగెత్తాను. మంచు మోకాళ్ళ దాకా దిగబడుతోంది. వాలు మీద దుంగలతో కట్టిన గుడిసెలు వరసగా ఉన్నాయి, కిటికీలు లేవు, తలుపులు పొట్టిగా ఉన్నాయి. మొదటి దాంట్లో ఎవరూ లేరు. రెండో దాంట్లో చెక్క అరల మీద, సిపాయిలు పడుకునే చోట, నల్ల కోటులో ముడుచుకుని మా ఆయన కూర్చుని ఉన్నారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి లేవబోయారు, కాళ్ళు పట్టేసి లేవలేకపోయారు.

నేను ఆయన్ని కొట్టాను. రెండు చేతులతో భుజాల మీద, రొమ్ము మీద, ఏడుస్తూ కొట్టాను. ఆయన అడ్డు పెట్టుకోలేదు.

"పాప బస్సులోనే కూర్చుండిపోయింది, తెలుసా మీకు? మిమ్మల్ని వెతుక్కుంటూ కిటికీలోంచి చూసిందట!"

"స్టాపులో ఎవరూ లేకపోతే నీకు కబురు చేస్తారు, నువ్వు తెచ్చుకుంటావనుకున్నాను" అన్నారు. తర్వాత నెమ్మదిగా, ఒక్కొక్క మాట కూడదీసుకుని అన్నారు, "ఇంటికి తిరిగి రాకూడదనే బయల్దేరాను. దారిలో ఈ ఊరి బోర్డు కనిపించింది. ఒకసారి చూసి పోదామనుకున్నాను. కూర్చున్నాక లేవలేకపోయాను. అటూ పోలేను, ఇటూ రాలేను."

"ఎందుకు? మేం ఉన్నాం కదా!"

"మీరు ఉన్నారనే. కిటికీ పక్కన ఒక మనిషిని పెట్టుకుని ఎన్నాళ్ళని లాగుతావు?"

నేను ఏదో ఒకటి చెప్పాలి. "నాకు ఇంకేమీ వద్దు. నాకు ఆ కుర్చీలోనే కావాలి మీరు. గడ్డం గీసుకోవద్దు, మాట్లాడవద్దు, ఉద్యోగం చెయ్యొద్దు. ఉండండి చాలు" అన్నాను. అదే మళ్ళీ మళ్ళీ అన్నాను.

టార్చిలైటు పట్టుకుని పార్కు రేంజర్ వచ్చాడు. మమ్మల్ని చూసి తన కోటు విప్పి ఆయన మీద కప్పాడు. ఫ్లాస్కులో కాఫీ ఉంటే మూతలో పోసి ఇచ్చాడు. ఒక పక్క అతనూ ఒక పక్క పాస్టర్‌గారూ పట్టుకుని నడిపించారు.

పాస్టర్‌గారు కారు ఇంటివైపు తిప్పలేదు. "ప్రార్థన చేద్దాం, చేస్తూనే ఉందాం. కానీ ముందు డాక్టరు చూడాలి అమ్మా. ఇది జబ్బు, నిమోనియా లాంటిదే" అన్నారు. ఆ రోజుల్లో మనవాళ్ళలో ఆ మాట పైకి అన్న మనిషిని నేను ఇంకెవర్నీ చూడలేదు. హాస్పిటల్లో ఆయన్ని మనోవ్యాధుల వార్డులో చేర్చుకున్నారు. బూట్ల లేసులు, బెల్టు తీసి ఒక సంచిలో వేసి నా చేతికిచ్చారు. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నన్ను, "డాడీకి ఫీవరా?" అని పాప అడిగితే, "అవును" అన్నాను.

సోమవారం బడికి వెళ్ళి నేరుగా వైస్ ప్రిన్సిపల్ గది తలుపు కొట్టాను. మధ్యలో క్లాసు వదిలి వెళ్ళినందుకు ఎలాగూ తీసేస్తారు, ఆ మాట నా ఎదురుగానే అననీ అనుకున్నాను.

"మీ ఆయన ఎలా ఉన్నారు?" అన్నాడు. సెక్రటరీ చెప్పి ఉంటుంది.

"హాస్పిటల్లో ఉన్నారు."

అతను బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పాడు. "ఆ పేరెంట్‌కి ఫోన్ చేసి చెప్పాను. పాఠం బాగుంది, ఆవిడ ఉంటుంది అని. వాళ్ళకు నచ్చలేదు. సెలవు మీద వెళ్ళిన టీచర్ వచ్చేదాకా మీరు ఉండొచ్చు. ఆ తర్వాత సంగతి నేను మాట ఇవ్వలేను" అన్నాడు. అంతే.

ఉన్నాను. సాయంత్రాలు హాస్పిటల్, పొద్దున్నే బడి. తెలుగువాళ్ళలో కొందరు వంటలు వండి తెచ్చారు. కొందరు ఫోన్ చెయ్యటం మానేశారు. ఒకావిడ, "ఆయనకు విశ్వాసం సన్నగిల్లింది, ఉపవాసముండి ప్రార్థించు" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

యుద్ధం గెలిచాక జరిగినవాటి పాఠాలంటే పిల్లలకు విసుగు. తుపాకులు లేవు, ఓడలు లేవు. రాజు వెళ్ళిపోయాక పదమూడు రాష్ట్రాలూ ఒకదాని మాట ఒకటి వినలేదు. సిపాయిలకు జీతాలు రాలేదు. వాళ్ళే కొందరు పొలాలు పోగొట్టుకుని జైళ్ళకు వెళ్ళారు. ఇక ఇలా సాగదని కిటికీలు మూసుకుని ఒక ఎండాకాలమంతా కూర్చుని పోట్లాడుకుని రాజ్యాంగం రాసుకున్నారు. అందులో కూడా బానిసల్ని బానిసలుగానే ఉంచేశారు. విడిపోవటం కంటే, విడిపోయి ఏమవ్వాలో తేల్చుకోవటం కష్టమైందని పిల్లలకు చెప్పాను. నా క్లాసులో ఉన్న ఒక్క నల్ల కుర్రాడు నోట్సులోంచి తల ఎత్తి, "ఇంకా తేల్లేదు" అన్నాడు. నేను అవునన్నాను. ఆ రోజు క్లాసులో అంతకంటే మంచి మాట నేను చెప్పలేదు.

మా ఆయన ఇంటికి వచ్చారు, కానీ పాత మనిషిగా రాలేదు. మందులకు చేతులు వణికేవి. పగలంతా నిద్ర. వసంతం వచ్చింది, ఆ టీచర్ తిరిగి వచ్చింది, నా పని అయిపోయింది. మళ్ళీ పొద్దున్నే ఫోన్ కోసం ఎదురుచూడటం మొదలైంది. వేసవిలో ఆయనకు రెండోసారి చీకటి కమ్మింది, మళ్ళీ హాస్పిటల్. ఈసారి ఆయనే నా దగ్గరికి వచ్చి, "తీసుకెళ్ళు" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాతి ఏడు మా కౌంటీలో తాగునీటిని పరీక్షించే ల్యాబులో ఆయనకు చిన్న పని దొరికింది. ఇంజినీరు పని కాదు. సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చి పరీక్ష చేసి రాసిపెట్టటం. రిటైరయ్యేదాకా అదే చేశారు. నేను ఇక్కడి టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకుని వేరే ఊరి బడిలో చేరాను. ఆయన మళ్ళీ పాట ఎత్తుకోవటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎత్తుకున్న రోజున గొంతు బొంగురుపోయింది.

కానీ నాకు ఆ రెండో హాస్పిటల్ తర్వాత వచ్చిన ఆకురాలు కాలంలో ఒక శనివారం బాగా గుర్తుంది. పాపకు లైబ్రరీకి వెళ్ళాలని ఉంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన మేకుకు తగిలించిన కారు తాళంచెవుల వైపు చూసి, "నేను తీసుకెళ్ళనా?" అని అడిగారు.

పాప నా ముఖంలోకి చూస్తోంది, ఆయనా చూస్తున్నారు. వద్దంటే ఆయన ఇంకెప్పుడూ అడగరు. సరేనంటే నా ఒక్కగానొక్క బిడ్డను ఆ కారులో పంపుతున్నాను.

"సరే" అన్నాను. "సీటు బెల్టు పెట్టండి దానికి."

కారు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. తర్వాత వంటింట్లోకి వచ్చి ఏ పనీ చెయ్యకుండా నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వస్తోంది, అయినా కదల్లేదు. చెవులు రెండూ పార్కింగ్ లాట్‌లోనే ఉన్నాయి. ఏదో కారు వచ్చింది, మాది కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. గట్టు అంచు పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కాయి.

చివరికి మెట్ల మీద పాప గొంతు వినిపించింది. "అమ్మా, డాడీ ఓన్లీ రెండు బుక్స్ తీసుకోనిచ్చాడు, దట్స్ నాట్ ఫెయిర్" అని కింది నుంచే అరుస్తోంది. దాని వెనక, బరువుగా, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్న ఆయన అడుగులు.